లాభం, రెండు, మూడు

ఉలవలు ఉడికే వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నేను పోయినవాటిని లెక్కపెట్టడం మొదలుపెడతాను. బోడికొండ కింద మోకాలెత్తు పెరిగే బోదగడ్డి బీడు ఒకటి, దాని పక్కన పారే వంక రెండు, వంక గట్టున రేగుచెట్లు మూడు, గింజలు కొలిచే ఇత్తడి పడి నాలుగు, ఆ పడి పట్టుకున్న మా జేజి, అంటే నాయనమ్మ, అయిదు, బీడులో తిరిగిన నల్లజింకల మంద ఆరు. మందను ఒకటిగా రాస్తే లెక్క తప్పుతుంది. దాని అంకె వేరే ఉంది.

మాది కన్నడసీమ అంచున, బాగేపల్లి పక్క మెట్టసేద్యపు పల్లె. చిన్నప్పుడు వానలు నిలకడగా పడే రోజుల్లో, తడిసిన ఎర్రమన్ను వాసన మధ్య, గుడ్డలో రాగిముద్ద, ఎర్రగడ్డ కట్టుకుని నేనూ తమ్ముడూ జేజి వెంట వేరుశెనగ చేనికి కాపలా పోయేవాళ్లం. రాతిగుండెక్కి కూర్చుంటే గడ్డిలోంచి ముందు మెలితిరిగిన కొమ్ములు, తరవాత నల్లటి వీపు, దాని వెనక గోధుమరంగు ఆడజింకలు ఒక్కొక్కటే తేలుతూ వచ్చేవి. మాది సగం కాపలానే. చేను చివర, కొండవైపు అయిదు సాళ్లలో జేజి ఉలవలు విత్తించేది. వాటిని జింకసాళ్లు అనేవాళ్లం. అవి దాటి వేరుశెనగలోకి వస్తే డబ్బా వాయించాలి. జింకసాళ్లలో మేస్తున్నంతసేపు నోరు మెదపకూడదు.

ఊరికే కూర్చోలేక ఒకనాడు వేలు చూపించి లెక్కపెట్టబోతే, జేజి నా చెయ్యి దించేసింది.

"ప్రాణముండేవాటిని లెక్కబెట్టగూడదు నాయనా, దిష్టి తగుల్తాది."

"మరి ఎన్నుండాయో తెలిసేదెట్ల జేజీ?"

"లాభమని మొదులుపెట్టు. లాభానికి దిష్టి తగల్దు" అంది.

కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు ఆమె మొదటి పడిని ఒకటి అనేది కాదు. లాభం, రెండు, మూడు అంటూ పోసేది. జింకల్నీ నేను అలాగే లెక్కపెట్టాను. నాకు ముందొచ్చిన లెక్క అదే. కన్నడ బడిలో మేష్ట్రు అంకెలు చెప్పమంటే "లాభ, ఎరడు, మూరు" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. "లాభ అల్ల కణో, ఒందు" అని, లాభం కాదురా, ఒకటి అని మేష్ట్రు చెవి మెలిపెట్టారు.

ఆ ఏటి మంద ముప్పై ఒకటి. తరవాత బీడంతా నీలగిరి నాటారు, కొండ అవతల రాళ్ల క్వారీ మొదలైంది. మంద పలచబడుతూ పలచబడుతూ, ఒక ఏడు నాకు లాభం కూడా దొరకలేదు. అయినా జేజి బతికినన్నాళ్లూ జింకసాళ్లు విత్తించింది. ఎవరూ మేయని ఆ ఉలవలతోనే మాకు చలికాలమంతా గుగ్గిళ్లు, సంగటిలోకి ఉలవచారు. గరిటెతో పోస్తూ, "వాటి పాలు మనం తింటాండాము" అనేది.

ఇప్పుడు నేను చింతామణి మండీలో లెక్కలు రాస్తున్నాను. పోయిన ఏడు తమ్ముడు ఫోన్ చేశాడు. నీలగిరి కొట్టేశారు, గడ్డి మళ్లీ లేచింది, అరణ్య ఇలాఖె, అంటే అటవీశాఖ వాళ్లు జింకల్ని తెచ్చి వదులుతున్నారు.

"నా శెనక్కాయలకు ఎవురు కాపు, అన్నా? తంతికంచె ఏసేస్తాండా."

మా చేను దాటితేనే వాటికి నీళ్లకుంట. కంచె పడితే అవి అక్కడ నిలవవు.

"అయిదు సాళ్లు ఇడువురా" అన్నాను.

"నీకేం, మండీలో నీడన కూచ్చోని చెప్తావు. అయిదు తిని ఆరోది ముట్టకుండా పోతాయా? వాటికీ నువ్వే లెక్కలు నేర్పిచ్చినావా?"

ఆ నష్టం నా భాగంలోంచి తీసుకోమన్నాను. "ఈ ఒక్క పంటే. సాలు దాటితే కంచె" అన్నాడు.

లారీ వచ్చిన నాడు నేనూ వెళ్లాను. పెట్టె తలుపు ఎత్తినా చాలాసేపు ఏదీ కదల్లేదు. చివరికి ఒక ఆడజింక గడ్డి వాసన చూసి బయటికి దూకింది. "ఒందు" అన్నాడు ఇలాఖె కుర్రాడు. నేను నోట్లోనే దిద్దుకున్నాను. మొత్తం పదకొండు.

కాయలు పీకే ముందు మళ్లీ పోయాను. జింకసాళ్లు నున్నగా ఉన్నాయి. ఆరో సాలు, ఏడో సాలు కూడా సగం లేవు. గట్టుమీద తంతిచుట్ట సిద్ధంగా ఉంది. తమ్ముడు పలకరించకుండానే నన్ను రాతిగుండు ఎక్కించాడు. గడ్డిలో తల్లి పక్కన, కాళ్లు ఇంకా కుదురుకోని జింకకూన. వాడు దానివైపు వేలు చాచి మెల్లగా, "లాభం" అన్నాడు.

దిగాక తంతిచుట్టను భుజానికెత్తుకుని ఇంటిదారి పట్టాడు. "వచ్చే ఏటికి ఏడు సాళ్లు ఇడవాల" అని గొణుక్కున్నాడు.

వంక ఇంకా పారడం లేదు. పడి ఎవరింట్లో ఉందో తెలియదు. జేజి లేదు. ముప్పై ఒకటికి పన్నెండు జమ. ఆ కొండకు మేం ఇంకా పంతొమ్మిది బాకీ.