ఆయన దింపిన ప్యాకేజీలు

మధ్యాహ్నం కంచం మూసిపెట్టి భర్త కోసం ఎదురుచూడటం సామ్రాజ్యానికి అలవాటు. ఆయన పోయాక ఆ వేళకు గవర్నర్‌పేటలోని ఆయన నెట్ సెంటరులో ఉంటోంది. కొంగుతో కీబోర్డులు తుడుస్తుంది. ఆయన కుర్చీలో కూర్చోదు, పక్కన స్టూలు వేసుకుంటుంది. ఆవేళ మిగతావాటన్నిటికీ నెట్ అందించే పెద్ద కంప్యూటర్ మొరాయిస్తే, ఆయన స్నేహితుడు జానకిరామ్ వచ్చి చూశాడు.

“డిస్కు నిండిపోయింది వదినగారూ. కంప్యూటర్‌ని నడిపే లినక్సు కోసం నెట్ నుంచి దింపిన ప్యాకేజీలన్నీ దాచిపెట్టాడు, పిసినారి! ఎక్కించేశాక వీటితో పనేం లేదు. తీసేస్తా.”

“అన్నీ ఆయన దింపినవేనా?”

“ఆ ఫోను లైను మీద ఒక్కోదానికి పూటంతా పట్టేదండీ. తను లేచినప్పుడు లైను తెగితే మళ్ళీ మొదట్నించీ దింపాలని కుర్చీ వదిలేవాడు కాదు.”

తెర మీది ఇంగ్లీషు పేర్లు ఆమెకు చదవడం రాదు. అన్నం చల్లారిపోయిందని తను తిట్టుకున్న పూటలన్నీ అక్కడ వరసగా ఉన్నాయనిపించింది.

“తీయకపోతే ఇవాళ్టి బేరం పోద్దండీ,” అన్నాడతను.

“పోనివ్వండి. వాటిని ముట్టుకోకండి.”

సామ్రాజ్యం లేచి కంప్యూటర్ స్విచ్చి కట్టేసింది.