కార్తీక సోమవారం నాడు దీవి ప్రయాణం

2023 నవంబరు. ఒమన్‌లోని బాతినా తీరంలో, పర్యాటకులను పడవల మీద దీవులకు తీసుకెళ్లే ఒక చిన్న కంపెనీలో నేను ట్రిప్ ప్లానర్‌గా పనిచేసేవాణ్ణి. ఎవరు ఏ రోజు ఏ పడవలో వెళ్లాలి, వారికి ఏ అనుమతులు కావాలి, సముద్రం ఎలా ఉంటుంది అన్నవి చూడటం నా పని.

మా ప్రయాణాలు ఎక్కువగా దేమానియత్ దీవులకే. అది రక్షిత ప్రాంతం. తాబేళ్లు గుడ్లు పెట్టే వేసవిలో దీవుల మీద కాలు మోపనివ్వరు. నవంబరులో మళ్లీ తెరుస్తారు. అక్కడ తాగునీరు లేదు, దుకాణం లేదు, వైద్యుడు లేడు. మనం ఒడ్డున మరచిపోయింది అక్కడ దొరకదు.

ఒకరోజు గంగారాం వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, రుస్తాఖ్‌లో మేస్త్రీ.

"సార్, మా ఇంటామె విజిట్ మీద వచ్చింది. నేను గూడ ఎగ్జిట్ కొట్టిచ్చుకున్న. బుధవారం ఇద్దరం పోతున్నం, మల్ల రాము. ఆ దీవి మీద గార్డులుండే రూమ్ మేమే కట్టినం. ఫోన్‌ల ఎన్నేండ్ల సంది చెప్తున్ననో! ఒక్కసారి చూపియ్యాలె."

పర్మిట్లలో సోమవారం ఒక్కటే ఖాళీ ఉంది. అలవాటు ప్రకారం అడిగాను: "ఇద్దరిలో ఎవరికైనా షుగర్, బీపీ?"

"అసొంటియేం లెవ్వు సార్."

మానిఫెస్ట్‌లో, అంటే పడవ ఎక్కేవారి జాబితాలో, రెండు పేర్లూ రాసి పంపాను. ఆ జాబితాలో లేనివారు ఎక్కకూడదు.

సోమవారం పొద్దున జెట్టీ దగ్గర మా కెప్టెన్ సాలిం ఎప్పటిలాగే అందరికీ ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బీ కాఫీ ఇచ్చాడు. గంగారాం భార్య రాజవ్వ చేయి వెనక్కి తీసుకుంది.

"వద్దన్నా. కార్తీక సోమవారం. చుక్క పొడిచేదాకా ఒక్కపొద్దు."

ఆమె నుదుటి మీద చెమట కనిపించింది. గాలి చల్లగానే ఉంది. చేతివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. షుగర్ పడిపోయినవాళ్లు ఇలాగే ఉంటారు.

"చెల్లెమ్మా, పొద్దున ఏమైనా గోలీ వేసుకున్నావా?"

ఆమె భర్త వైపు చూసి, తల దించుకుంది. "షుగర్ గోలీ. నీళ్లతోని ఏసుకున్న. గోలీకి ఒక్కపొద్దు చెడదంటరు గదా."

"షుగరా?" గంగారాం ఆమె వైపు తిరిగాడు. "బలం గోలీలంటివి గదనే?"

"ఆరేండ్లాయె. ఫోన్‌ల చెప్తే ఈడ నువ్వేం జేస్తవ్? పరేషాన్ అయితవని చెప్పలే."

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని గ్లూకోమీటర్‌తో చూస్తే అరవైకి తక్కువ. వెంటనే చక్కెర నీళ్లు కలిపాను. ఆమె నోరు తెరవలేదు.

"నా ఒక్కపొద్దు పోతది. ఇన్నేండ్లు ఈయన పానం బాగుండాలనే పట్టిన."

"ఆ పొద్దు నేనుంట," అన్నాడు గంగారాం. "చుక్క పొడిచేదాకా ముద్ద ముట్ట. నువ్వు తాగు."

"నువ్వా? చాయ్ పడంది కండ్లు తెరవవు!"

"ఇయ్యాల తెరుస్త. తాగుతవా, తాగవా?"

తాగింది. గంగారాం కూడా నీళ్లు మానేస్తానన్నాడు. నీళ్లు తాగకపోతే నిన్ను కూడా ఎక్కించనని కసిరాను.

మాకు తెలిసిన క్లినిక్ నర్సుకు ఫోన్ చేశాను. కడుపునిండా తినిపించి, గంట ఆగి మళ్లీ చూడమంది. బాగుంటే పంపవచ్చు, కానీ ఆ గోలీ ప్రభావం సాయంత్రం దాకా ఉంటుంది, మధ్యమధ్యలో తింటూ ఉండాలి అంది. పక్కనే సాలిం ఆకాశం చూస్తున్నాడు. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుందని అతని బెంగ. ఈ గంట ఆగితే అలలు లేచే వేళకు తిరుగు ప్రయాణం. ఆగకపోతే ఆమె పడవలో సొమ్మసిల్లవచ్చు. ఆగాం. రెండోసారి నూట ఇరవై దాటింది. అరటిపళ్లు, బిస్కెట్లు, మీటర్ గంగారాం చేతికిచ్చి, ఎలా చూడాలో నేర్పి పంపాను. పర్మిట్‌లో నా పేరు లేదు కనుక ఒడ్డునే ఉండిపోయాను.

రెండింటికి రావలసిన పడవ రాలేదు. అప్పటికే అలల మీద తెల్లటి నురగ లేచింది. దీవి నుంచి ఫోన్ అందదు. కోస్ట్ గార్డ్ నంబరు తీసి పెట్టుకున్నాను. పంపకుండా ఉండాల్సిందా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో! మూడు దాటాక పడవ కనిపించింది. ఎదురుగాలికి సాలిం నెమ్మదిగా నడిపించుకొచ్చాడు.

మొదట దిగింది రాజవ్వే.

"గింత రూమా అన్నా! మా బర్ల కొట్టం గింతకన్న పెద్దగుంటది. గిదాని కోసం ఏడు నెలలు ఆడ పడుకున్నడట!"

వెనకాల గంగారాం ఆకలితో వాడిపోయిన ముఖంతోనే నవ్వుతున్నాడు. "గోడ మీద చెయ్యి పెట్టి ఎంతసేపు నిలవడ్డదో అడుగు సార్."

"అడుగుడెందుకు? నిలవడ్డ," అందామె.

మర్నాటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఇంటి పెద్దను అడిగి అందరి గురించీ రాసుకోవడం మానేశాను. పడవ ఎక్కే ప్రతి మనిషినీ పక్కకు పిలిచి, జబ్బుల సంగతి ఎత్తకుండా, పొద్దున ఏం తిన్నారు, ఏ గోలీ వేసుకున్నారు అని మాత్రమే అడిగేవాణ్ణి. జబ్బును మనిషి తనవాళ్ల దగ్గరే ఎక్కువగా దాస్తాడు. పొద్దున ఏం తిన్నావని అడిగితే పరాయివాడికైనా నిజమే చెబుతాడు.