అప్పిచ్చినవాళ్లను తరిమిన విజయక్క

అప్పు తీసుకున్న మనిషి అప్పిచ్చిన మనిషిని చూసి సందు మార్చడం ఎక్కడైనా ఉన్నదే. మా తరిగొప్పులలో మాత్రం విజయక్కను చూసి అప్పిచ్చినవాళ్లే సందు మార్చేవాళ్లు. ఆమె ఏడుగురికి బాకీ. ఆ ఏడుగురినీ రోజూ వెతికి పట్టుకుని, పదో ఇరవయ్యో రెండు వందలో చేతిలో పెట్టి, నోటుబుక్కులో సంతకం పెట్టించుకుంటే తప్ప ఆమెకు మధ్యాహ్నం అన్నం సయించేది కాదు. ఆ ఏడుగురిలో ఆరోవాణ్ని నేను. బస్టాండు పక్కన జిరాక్స్ దుకాణం నాది. దాక్కోవాలంటే కౌంటరు కింద తప్ప వేరే చోటు లేదు.

నిజానికి ఆ అప్పుల్లో ఒక్కటీ విజయక్క చేసింది కాదు. ఆమె మొగుడు బోరుకని ఒకటి, బండికని ఒకటి, ఎందుకో చెప్పకుండా ఐదు, మొత్తం ఏడు అప్పులు చేసి, ఒకనాడు లారీ ఎక్కి భివండి పోయి అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఇక్కడ ఏడు అప్పులూ, ఆరో తరగతి చదివే కూతురు శృతీ మిగిలారు. కబురు తెలిసి మేమందరం ఓదార్చడానికి పోయినట్టే పోయాం. లోపల మాత్రం ఎవరి పైసల గురించి వాళ్లకు గుబులు. విజయక్క ఒక గంటసేపు గట్టిగా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, శృతి లెక్కల నోటుబుక్కు ఒకటి తెరిచి మా ముందు కూర్చుంది.

"ఆయన పోయిండు. మీ పైసలు యాడికి పోలె. ఎవలకెంతో ఒక్కొక్కలు చెప్పుండ్రి," అన్నది.

ఏడ్చి లేచిన ఆడమనిషి ముందు లెక్క చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. నేను నాలుగు వేలు అనబోయి సిగ్గుపడి మూడు వేలే అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి నాలుగు అని రాసుకుంది.

వారం తిరక్కుండా ఇంటి ముందు ఇడ్లీ బండి పెట్టింది. పదిన్నరకల్లా ఇడ్లీలు ఖాళీ. అప్పుడు బెంచీ మీద కూర్చుని ఆనాటి పైసలన్నీ స్టీలు పళ్లెంలో పోసి కుప్పలు చేసేది. బియ్యానికీ మినపప్పుకూ ఒకటి, శృతి చదువుకు ఒకటి, కరెంటుకూ గ్యాసుకూ ఒకటి, మిగిలిన కుప్పలు మావి. అన్నీ పోగా ఏమైనా మిగిలితే ఆదివారం కోడికూర. మిగలకపోతే కోడిగుడ్డు. అదీ లేని ఆదివారం శనివారంలాగే గడిచిపోయేది. ఎవరైనా మధ్యలో వచ్చి పైసలడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది. ఆ రూపాయికి సంబంధం కుదిరిపోయిందని. గాజులమ్మే ఆమెకూ అదే చెప్పింది. స్టీలు సామాన్లు వాయిదాల మీద ఇచ్చేవాడికీ అదే చెప్పింది. వినాయక చవితి చందాకు పోయిన కుర్రాళ్లతో, ఈ నెల రూపాయలన్నిటికీ సంబంధాలు కుదిరాయనీ, స్వామివారికి వచ్చే నెల మంచిది చూస్తాననీ చెప్పి, ఇడ్లీ పెట్టి పంపింది.

పదకొండుకు కొంగు బిగించి వసూళ్లకు బయలుదేరేది. కట్టడానికి పోయేదాన్ని వసూలు అనకూడదు గానీ, ఆమె నడక చూస్తే ఇంకో మాట రాదు. పైసలు పెట్టి పోతే బాధ లేదు. ఐదు నిమిషాలు కూర్చునేది. తన ఇంటి ఖర్చు పైసాతో సహా మనకు అప్పజెప్పేది. అక్కడితో ఆగక మన ఖర్చు మొదలుపెట్టేది. కిరాణా హరీశ్ కొత్త ఫోను కొన్నాడని తెలిసి, పాత ఫోను ఏ జబ్బు చేసి చనిపోయిందని అందరి ముందూ అడిగింది. అప్పటి నుంచి అతను పదకొండు అయ్యిందంటే గోదాములోకి పోయేవాడు.

ఒకసారి నేనూ కౌంటరు కింద దూరాను. ఆమె వచ్చి, ఖాళీ కుర్చీ వైపు చూసి, పది నోటు జిరాక్స్ మిషను మీద పెట్టింది.

"అన్నా, కింద కూసున్నా సిగరెట్టు పద్దెనిమిది రూపాయలేనాయె," అన్నది.

పొగ నన్ను పట్టించింది. బయటికి వచ్చి సంతకం పెట్టాను. మూడు నెలల్లో సిగరెట్టు మానేశాను. డాక్టరు చెబితే మాననివాణ్ని, ఈమె లెక్కకు భయపడి మానేశాను. ఇంతకంటే ఘోరం, నోటుబుక్కులో ప్రతి పేజీ నిండగానే నా దగ్గరే జిరాక్స్ తీయించేది. ఆ రెండు రూపాయలూ నా బాకీకి కలుపుకొమ్మని చెప్పి మరునాడు పన్నెండు తెచ్చేది. ఇన్ని బాధలెందుకు, ఫోన్లో కొట్టరాదా అని బతిమిలాడాను. ఫోన్లో పంపితే మీ మొహాలు ఎవరు చూడాలని ఎదురడిగింది.

మా ఆరుగురి సంగతి ఆటవిడుపు. అసలు వేట లక్ష్మీకాంత్ సారుది. ఊళ్లో ఇరవై ఎకరాలు, నోట్లో రాజకీయం, మెళ్లో చేతి వేలంత గొలుసు ఉన్న మనిషి. ఎనభై వేలు రెండు రూపాయల మిత్తికి ఇచ్చి, విజయక్క ఇంటి కాగితం తాకట్టు పెట్టుకున్నాడు. ఆ ఇల్లు రోడ్డు మీద ఉంది. అక్కడ వరుసగా షట్టర్లు కట్టి కిరాయికి ఇవ్వాలని ఆయన ఆశ. అందుకని ఏ ఒక్క నెల మిత్తి అందకపోయినా జాగా తనదేనని మొగుడితో ముందే రాయించుకున్నాడు. అంటే ఆయనకు కావలసింది పైసలు కాదు, పైసలు అందకపోవడం. నెలాఖరు వచ్చిందంటే మనిషి కనబడేవాడు కాదు.

ఇల్లు పోతే ఇడ్లీ బండి పోతుంది. బండి పోతే శృతిని హాస్టల్లో వేసి, భూపాలపల్లిలో అక్క వాళ్ల దగ్గర వంటపనికి పోవాలి. అక్క అప్పటికే రెండుసార్లు రమ్మంది. విజయక్క ఆ మాట మాత్రం ఎవరితోనూ నవ్వుతూ అనలేదు. పిల్ల తన పక్కన పడుకోకపోతే ఆ బతుకే వద్దన్నది.

అందుకని నెలాఖరు దాకా ఆగకుండా రోజుకు రెండు వందల చొప్పున లక్ష్మీకాంత్ వెంట పడింది. ఆయన సగం గడ్డం గీయించుకుని సెలూన్ కుర్చీలో ఉంటే పట్టుకుంది. నోటుబుక్కు ఆ పేజీలో ఇప్పటికీ సబ్బు మరక ఉంది. ఒక నెలాఖరున ఆయన చిల్పూరు గుట్ట ఎక్కాడు. ఈమె వెనకాలే ఎక్కింది. ఆయన ప్రదక్షిణం మొదలుపెడితే ఈమె కూడా మొదలుపెట్టింది. పదకొండు చుట్లని మొక్కుకున్న మనిషి పంతానికి పోయి ఇరవై ఆరు తిరిగాడు. చివరికి కాళ్లు లాగి కూలబడ్డాక వెంకటేశ్వరస్వామి ఎదుట పైసలు చేతిలో పెట్టింది. పులిహోర పొట్లం కింద పెట్టి సంతకం చేశాడు.

జనగామలో వాళ్ల బంధువులమ్మాయి శ్రేయ పెండ్లి అయితే, ఇక్కడిదాకా రాదులే అని నిమ్మళంగా స్టేజీ మీద నిలబడ్డాడట. విజయక్క కట్నాలు చదివించేవాళ్ల వరుసలో నిలబడి పైకి వచ్చి రెండు వందలిచ్చింది. కింద కట్నాలు రాసే ఆయన విజయ, రెండు వందలు అని రాసేశాడు. అది కట్నం కాదు బాకీ అని ఆయనతో వాదించి, కొట్టివేయించి గానీ ఈమె బంతిలో కూర్చోలేదు. పెండ్లి ఆల్బంలో ఆశీర్వదించాల్సిన లక్ష్మీకాంత్ సారు వంగి సంతకం పెడుతున్న ఫొటో ఉంది.

ఆ తర్వాత ఆయన భార్య సరళ విజయక్క పక్షాన చేరిపోయింది. ఇంట్లో ఆమె ఏం పడుతుందో గానీ, సారు వెనక దర్వాజ నుంచి జారుకునే లోపల విజయక్కకు ఫోను పోయేది. సారు మహబూబాబాదులో రైలెక్కబోతుంటే కూడా పట్టుబడ్డాడు. సీటు నంబరుతో సహా చెప్పింది సరళే.

ఇట్లా రెండేళ్లు. మేం ఆరుగురం ఒక్కొక్కరమే తీరిపోయాం. నా బాకీ తీరిన మరునాడు పదకొండుకు ఎవరూ రాకపోతే ఏమీ తోచక దుకాణం రెండుసార్లు ఊడ్చాను. లక్ష్మీకాంత్ బాకీలో ఆఖరు రెండు వందలు మొన్న మార్చి ఆఖరున మిగిలాయి. వాటిని పంచాయతీ ఆఫీసు ముందర, నలుగురు పెద్దమనుషుల ఎదుట కడతానన్నది. ఆమెకు ఒక్కటే కోరిక. అందరి ముందూ నిలబడి, ఈ ఊళ్లో నేను ఎవ్వలకు రూపాయి బాకీ లేను అని ఒక్కసారి చెప్పాలి. నెల రోజులుగా ఆ మాట ఇడ్లీ పిండి కలుపుతూ సాధన చేస్తున్నదని శృతి నాతో చెప్పి నవ్వింది.

ఆ రోజు జనం బాగానే వచ్చారు. లెక్క చూశారు, సంతకాలు చూశారు, నా జిరాక్సులు కూడా చూశారు. ఆఖరు రెండు వందలు అందుకుని లక్ష్మీకాంత్ సారు ఇంటి కాగితం బయటికి తీశాడు. విజయక్క గొంతు సవరించుకుంది. అంతలో వెనక నుంచి తిరుపతి లేచాడు. మా ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలామె ఓదెమ్మవ్వకు తమ్ముని కొడుకు. పని చేయడు గానీ పనిమీద ఉన్నట్టు తిరుగుతాడు.

"మా అత్తమ్మ పింఛన్ నెల నెల ఈమెకే అప్పిస్తాంది. అడుగుండ్రి, బాకీ ఉన్నదో లేదో," అన్నాడు.

లక్ష్మీకాంత్ చేయి టక్కున ఆగిపోయింది. ముసలిదాని పింఛను తినే మనిషికి కాగితం ఎట్లా ఇస్తారు, ఆ సంగతి తేలేదాకా తన దగ్గరే ఉండనీయండని కాగితం మళ్లీ జేబులో పెట్టబోయాడు. పెద్దమనుషులు విజయక్క వైపు చూశారు. శృతి కూడా తల్లి వైపే చూసింది. నాకైతే ఒళ్లు మండింది. రెండేళ్లు మమ్మల్ని లెక్కలతో చంపి, చాటుగా ఈ పనా అనిపించింది. ఓదెమ్మవ్వ అరుగు మీద తల వంచుకుని కూర్చుంది. విజయక్క ఆమె వైపు ఒక చూపు చూసింది.

"ఉన్నది బాకీ. రెండు వేల పదహారు," అన్నది.

జనంలో నవ్వులు లేచాయి. తిరుపతి ఇప్పుడే తన చేతిలో పెట్టమన్నాడు. ఇచ్చింది ఆమె, ఆమె చేతికే కడతానని విజయక్క మెల్లగా చెప్పింది. ఒక పెద్దమనిషి ఓదెమ్మవ్వనే అడిగాడు, మొత్తం ఇప్పుడే కావాలా అని. ఆమె అప్పుడు తల ఎత్తింది.

"నాకెందుకు బిడ్డా ఒక్కపారి? రోజు ఇంత ఇస్తాంది. నాకు గట్లనే మంచిగున్నది. నేను ఫిర్యాదు చెయ్యలే గద."

ఇచ్చినామెకే లేని బాధ మనకెందుకని పెద్దమనుషులు కాగితం ఇప్పించారు. విజయక్క దాన్ని కొంగులో చుట్టుకుని, అనుకున్న మాట అనకుండానే శృతి చేయి పట్టుకుని ఇంటికి పోయింది.

మరునాడు పొద్దున్నే బుద్ధి చెప్పడానికి నేనే ఆమె ఇంటికి పోయాను. బండి వెనక ఓదెమ్మవ్వ కూర్చుని ఇడ్లీ తింటోంది. విజయక్క చేతిలో ఒక స్టీలు డబ్బా ఉంది. అందులోంచి అరవై రూపాయలు తీసి ఓదెమ్మవ్వకు ఇస్తోంది. డబ్బాలో ఉన్నది ముసలామె పింఛనే. విజయక్క తనకంటూ అందులో ఒక్క నోటు ముట్టలేదు. నేను నోరు తెరవగానే ఓదెమ్మవ్వే చెప్పింది.

"పింఛన్ వచ్చిన నాడు తిరుపతి గాడు వాకిట్లనే నిలబడతడు కొడుకా. లేదంటె ఇల్లంత దేవులాడతడు. అప్పిచ్చిన అంటె ఏం జేస్తడు, దీన్ని తిట్టి పోతడు. గిది దాసిపెట్టి రోజు ఇంత ఇస్తది. మిత్తి కింద రెండు ఇడ్లీలు."

నిన్న ఆ సంగతి చెప్పి ఉంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు కదా, ఎన్నాళ్ల నుంచో అనుకున్న మాట దర్జాగా చెప్పుకునేదానివి కదా అన్నాను. విజయక్క నన్ను చంటిపిల్లాణ్ని చూసినట్టు చూసింది.

"చెప్తే తిరుపతికి డబ్బ ఎక్కడున్నదో తెల్వదా? నన్ను నవ్వితె నాకేం తరుగుతదన్నా. గా మాట ఎప్పుడన్న చెప్పుకుంట."

నాకు కళ్లు చెమర్చాయి. ఆ బాధ తిరుపతి మీద తీర్చుకున్నాను. కన్నతల్లి లాంటి మనిషి పింఛను మీద కన్నేసేవాడు మనిషేనా అని ఒక పావుగంట చెడామడా తిట్టాను. విజయక్క ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఎందుకో ఓదెమ్మవ్వకు మాత్రం పొలమారింది. అరలో అట్లాంటివే ఇంకో నాలుగు డబ్బాలు ఉన్నాయి. అవెవరివని అడిగితే, పరాయి సంగతులు నీకెందుకన్నా, పోయి దుకాణం తెరువు అన్నది విజయక్క.

ఆ రోజు దుకాణానికి పేపరు కట్టలు రావాలి, గల్లాలో పైసలు తక్కువపడ్డాయి. ఎప్పటిలాగే ఇంటికి పోయి మా అవ్వను, అంటే నన్ను కన్న రాధమ్మను, ఐదు వందలు అడిగాను. ఆమెకు పింఛను వచ్చి రెండు రోజులు కూడా కాలేదు. మా అవ్వ చేటలో బియ్యం చూస్తూ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"లేవు కొడుకా. విజయకు అప్పిచ్చిన. పాపం, ఆడపిల్లతోని ఒక్కతి ఎట్ల ఎల్లదీస్తదని."

మంచి పని చేసినవ్ అవ్వా అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.