అడుగున మిగిలిన గుప్పెడు

మా అత్తమ్మ నాగులమ్మ సోలతో బియ్యం కొలిచేటప్పుడు ఎన్నడూ పూర్తిగా ఒంపదు. అడుగున నాలుగు గింజలు ఉంచుతుంది. మొత్తం ఒంపితే ఇంట్లో లక్ష్మి నిలవదని ఆమె నమ్మకం. ఆమె కూతురు, నా భార్య యాదలక్ష్మి, యంత్రాలకు కన్నులాంటి ఇమేజ్ సెన్సర్ చిప్పులు డిజైన్ చేస్తుంది.

ఆమె చేసిన మొదటి చిప్పును మా ఊరు మక్తల్‌లోనే, గురవయ్య పప్పుమిల్లులో పరీక్షకు పెట్టారు. జారిపడే కందిపప్పును క్షణంలో ఫొటో తీసి, రాయి కనబడితే గాలితో కొట్టి పక్కకు పడేయాలి. పరీక్ష తప్పితే ఈ పని మూసేస్తామని కంపెనీ చెప్పేసింది.

మొదటిరోజే గురవయ్య నవ్వాడు. "నీ కన్ను రాయిని జూసి జడుసుకుంటాంది బిడ్డా. దాని ఎన్కొచ్చే మంచి పప్పును గూడ ఉమ్మేస్తాంది."

తప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. చిప్పులోని ప్రతి గడి, అంటే పిక్సెల్, వెలుతురును కొలిచే ఒక సోల. ఫొటో ఫొటోకీ దాన్ని ఖాళీ చేయాలి. వేగం కోసం ఆమె ఆ సమయాన్ని మరీ కుదించింది. వెలుగు పడ్డ గడిలో ఎక్కువ, రాయి నీడ పడ్డ గడిలో తక్కువ మిగిలిపోతోంది. రాయి పోయినా దాని నీడ తర్వాతి ఫొటోలో ఉంటోంది. తయారైన చిప్పును ఇక మార్చలేం.

అన్నం కూడా సరిగా తినకుండా తిరిగింది. చివరికి అమ్మ సోలే దిక్కయింది. ఖాళీ చేయలేనప్పుడు అన్నింటిలో ఒకే పాటి గుప్పెడు ఉంచితే? ప్రతి ఫొటోకు ముందు చిన్న దీపం మెరిపించి గడులన్నీ సమంగా తడిపింది. లెక్కలోంచి ఆ గుప్పెడు తీసేసింది. నీడ పోయింది. మిల్లులోనే నేను మా పాప స్నిగ్ధను ఎత్తుకుని గిరగిరా తిప్పాను.

అప్పుడు గురవయ్య, శుభ్రమైందని వచ్చిన పప్పులో చెయ్యి పెట్టి, పప్పురంగు మట్టిపెళ్ళను తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. గడుల్లో ఉంచిన ఆ గుప్పెడు వెలుతురు ఎన్నడూ సరిగ్గా ఒకేలా ఉండదు. ఆ చిన్న తేడాలో ఇలాంటివి దాక్కుంటున్నాయి. కంపెనీ పరీక్ష రాళ్ళు పోవాలి, మంచి పప్పు పోకూడదు అన్నంత వరకే; మట్టిపెళ్ళల మాట అందులో లేదు. పాసైందని రాసినా అడిగేవాళ్ళు లేరు.

ఆమె స్నిగ్ధ వైపు చూసింది. ఆ పప్పు తినేది ఇలాంటి పిల్లలే.

"ఇది పాస్ కాలే. చిప్పును విప్పుకపోతం కాకా," అంది గురవయ్యతో.

సాయంత్రం వంటకు బియ్యం తానే కొలిచింది. సోలను తలకిందులు చేసి అడుగు తట్టింది. అత్తమ్మ వంగి నాలుగు గింజలు ఏరి మళ్ళీ సోలలో వేసింది.