మేము తిరిగి కట్టని ఇల్లు

కంప్యూటరు ఉద్యోగాలకని మనవాళ్ళు దేశం నుంచి ఇక్కడికి విమానాల నిండా దిగుతున్న రోజులవి. యీషున్‌లో మా బ్లాకు పై అంతస్తులో గుంటూరు వైపు అమ్మాయి ఒకతె అద్దెకు ఉండేది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. వాళ్ళ తెలుగు సంఘం ఇక్కడి పాత తెలుగువాళ్ళ మీద వెబ్‌సైటు పెడుతోందట. మా కాంపోంగ్‌లో ఒకప్పుడు మంటలార్పే దళం ఉండేదని ఎవరో చెబితే, దాని చరిత్ర చెప్పమని వచ్చింది. నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. పొట్లాలు కట్టిన పేపర్లు చదువుకుని అక్షరాలు నేర్చాను. అలాంటివాణ్ణి చరిత్ర అడిగేసరికి పొంగిపోయాను.

కాంపోంగ్ అంటే ఊరే. ఇళ్ళన్నీ చెక్క గోడలు, పైన తాటాకులాంటి అత్తాపు ఆకు కప్పులు. సర్కారు ఫైరింజను మా సందుల్లోకి దూరేది కాదు, పెద్ద రోడ్డు మీదే ఆగిపోయేది. అందుకని తెలుగువాళ్ళం, మలయ్‌వాళ్ళు, చీనావాళ్ళు కలిసి పదకొండు మందిమి దళంగా ఏర్పడ్డాం. సగం మందిమి తంజోంగ్ పగార్ రేవులో మూటలు మోసేవాళ్ళమే. ఊరికంతటికీ కుళాయి ఒకటి. ఆ కాసిని నీళ్ళతో ఏ మంటా ఆరదు. అంటుకున్న ఇంటి పక్కిల్లు, అంటుకోకముందే, వెదురుగడల కొక్కేలతో లాగి కూల్చేసేవాళ్ళం. నా ఇల్లు ముట్టుకోవద్దనే హక్కు ఎవరికీ లేదు. దానికి బదులు ఒక కట్టుబాటు ఉండేది. కూల్చిన ఇంటిని నెల తిరక్కుండా దళమే తన చేతులతో కట్టివ్వాలి.

"అన్నీ కట్టారా అంకుల్?" అని అడిగిందా అమ్మాయి.

"అన్నీ" అన్నాను.

పేజీ తయారయ్యాక కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చింది. 'కూల్చిన ప్రతి ఇల్లూ తిరిగి కట్టిన దళం' అని హెడ్డింగు. మా కాంపోంగ్ మనుషుల్లో దగ్గర్లో మిగిలింది రెండు బ్లాకుల అవతల ఉండే మలయ్ ముసలావిడ ఒక్కతే. నేను ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తాను. గొప్ప చూపించుకుందామని ఆ కాగితం పట్టుకెళ్ళి, ఆవిడకి మలయ్‌లో చదివి వినిపించాను. ఎండు నెత్తళ్ళ తలలు తుంపుకుంటూ చివరిదాకా విని, ఒక్కటే అడిగింది.

"నాదెక్కడ కట్టారు?"

నేను మర్చిపోలేదు. మర్చిపోయినవాడిలా తిరిగాను, అంతే. ఒక మధ్యాహ్నం ఆవిడ పక్కింట్లో కిరసనాయిలు స్టవ్వు అంటుకుంది. ఆవిడ పిల్లలతో బజారుకు వెళ్ళింది. ఆవిడ కప్పులో మొదటి కొక్కెం వేసింది నేనే. ఇల్లు నేలకొరిగిన కాసేపటికే గాలి తిరిగి, మంట ఖాళీ స్థలం వైపు పోయి చచ్చిపోయింది. కూల్చకపోయినా నిలిచేదే గదా, తొందరపడ్డవాడే కట్టాలి అని దళంలో సగం మంది అన్నారు. దళం కూల్చింది, దళమే కట్టాలి అన్నాను నేను. ఆ తగువులో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అరుచుకుంటుండగా రెండు నెలలు గడిచాయి. ఈలోగా ఊరు ఖాళీ చేయించడానికి సర్వే మనుషులు వచ్చి, నిలబడి ఉన్న ప్రతి ఇంటి తలుపు మీదా నంబరు వేసుకుపోయారు. ఆవిడకి తలుపే లేదు. నంబరు పడ్డ మాకు సర్కారు ఫ్లాట్లు వచ్చాయి. ఆవిడ పిల్లలతో చెల్లెలి ఒంటిగదిలో ఏళ్ళ తరబడి సర్దుకుంది.

నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి మార్చమన్నాను.

"మీరే కదంకుల్ అన్నీ కట్టామన్నారు. కమిటీ ఓకే చేసేసింది. ఒక్క ఇల్లే కదా, వదిలేయండి."

ఒక్క ఇల్లేనట! వీళ్ళకి చరిత్రంటే పెళ్ళి ఆల్బం. కళ్ళు మూసుకున్న ఫొటోలు తీసిపారేస్తారు. ఇలాంటివి చాలా అన్నాను. అబద్ధమాడింది నేను, తిట్లు తిన్నది తను. చివరికి, ఆ ఒక్క ఇల్లే అన్న మాటేదో అక్క మొహం మీదే చెబుదువు గాని రమ్మన్నాను. వచ్చింది, మెడలో ఆఫీసు కార్డు కూడా తీయకుండానే.

అక్కతో చెప్పాను, నీ ఇల్లు మేము కట్టలేదని, అది మా తప్పేనని రాయిస్తానని. ఆవిడ నా వైపు చూడలేదు.

"రాస్తే సరిగ్గా రాయమను. ఆ మంటకు నాలుగు రోజుల ముందే నేను కప్పు మార్పించాను. ఆకింకా పచ్చిగానే ఉంది. పచ్చాకు ఓ పట్టాన అంటుకోదు. కొక్కెం వేసినప్పుడు నువ్వు చూశావు."

చూశాను. మంట దగ్గర నేనెంత చురుకైనవాణ్ణో నలుగురికీ తెలియాలని ఆగలేదు.

ఆవిడేమందని అమ్మాయి నన్నడిగింది. తనకి మలయ్ రాదు. నేను ఏం చెబితే అదే రాసుకుంటుంది. ఆవిడ అన్నదంతా ఒక్క మాట పోకుండా చెప్పాను. తర్వాత, చూశానని కూడా చెప్పాను. ఆ అమ్మాయి నా చేతిలోని ప్రింటు కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి రాసుకుంది.