తాళ్ల కొట్టు ముసలమ్మ, మా ఆయన షేర్లు

నా చిన్నప్పుడు వన్ టౌన్‌లో ఒక తాళ్ల కొట్టు వెనక వసారాలో చిక్కులు విప్పుతూ ఒక ముసలమ్మ కూర్చుని ఉండేది. ఆవిడకు చూపు ఆనదు, అక్షరం ముక్క రాదు. అయినా నా అరవయ్యెనిమిదో ఏట మా ఆయన వదిలి వెళ్లిన షేర్ల కాగితాలను, ఎవరికీ కమీషన్ ఇవ్వకుండా, నా చేత అమ్మించింది ఆవిడే. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

మా తాతయ్య రేవులో కళాసీ. ఓడల్లోంచి సరుకు దించే పని. ఒకసారి పాత ఓడ తాళ్లు వేలం వేస్తే, వేలెడు లావు తాడు ఒక కట్ట పాడుకున్నాడు. దాన్ని అమ్మి నాకు చెప్పులు కొంటానని మాటిచ్చాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా బడిలో చెప్పులు లేనిది నాకొక్కదానికే కాదు గానీ, పక్కింటి అక్క కొత్త చెప్పులు వేసుకుని వీధిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచిన దగ్గర్నుంచీ నా కాళ్లు నాకు నచ్చడం మానేశాయి.

తాడు కట్ట భుజాన వేసుకుని తాతయ్య, ఆయన పంచె అంచు పట్టుకుని నేను, కొట్టుకు వెళ్లాం. కొట్టాయన కట్టను కాలితో ఇటూ అటూ దొర్లించి చూశాడు. తాడు మంచిదే, కానీ మహా చిక్కు పడి ఉంది. "ఇది నీవల్ల తెమల్దు బావా, సగానికిచ్చీ" అన్నాడు. నేను తాతయ్య చెయ్యి పట్టి లాగడం మొదలుపెట్టాను. ఇచ్చేస్తే ఇటునుంచి ఇటే చెప్పుల కొట్టుకు పోవచ్చని నా తొందర. సగం డబ్బుకు ఒక్క చెప్పే వస్తుందని నాకు తట్టలేదు.

తాతయ్య మాత్రం తాపీగా అడిగాడు. "మరి మీ కాడ దీన్ని ఎవులు ఇప్పుతారేటి?"

కొట్టాయన గడ్డంతో వెనక వైపు చూపించాడు. తాతయ్య కట్టను మళ్లీ భుజాన వేసుకుని, నన్ను తీసుకుని, అడక్కుండానే వెనక వసారాలోకి నడిచాడు. అక్కడ గోడకు చేరగిలబడి, అడ్డచుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాలుస్తూ ఆ ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో తాడు, చేతులు తాడులో, చూపు మాత్రం ఎక్కడో గోడ మీద. ఈవిడ విప్పుతున్న దానికోసమా మనం సగం డబ్బు వదులుకునేది అన్నట్టు తాతయ్య నావైపు చూశాడు.

"మా మనవరాలికి నేర్పుతావేటి?" అని అడిగాడు.

ఆవిడ చుట్ట తీసి నవ్వింది. "నాను నేర్పీసినా నా పనికేటి లోటు లేదులే. ఈ ఊర్లో సిక్కులకి కరువేటి" అని, తడుముకుంటూ నా చేతులు పట్టుకుని తాడు మీద పెట్టింది. నేను ఒక కొస దొరకబుచ్చుకుని గట్టిగా లాగాను. లాగితే బిగుసుకుంటుందని చేతి మీద చిన్నగా కొట్టింది. రెండోసారి లాగినప్పుడు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"కళ్లు ముయ్యే గుంటా. కంటికి సిక్కంతా ఒక్కసారే అవుపిస్తాది, బయమేస్తాది. ఏలికి ఒక్క పోగే తగుల్తాది. ఆ ఒక్కదాని సంగతి సూడు, సాలు."

కళ్లు మూసుకున్నాను. నిజంగానే వేలికి ఒక్క పోగే తగిలింది. దాన్ని వదులు చేస్తే ఇంకొకటి తగిలింది. కొట్టాయన భోజనానికి వెళ్లి వచ్చేసరికి తాడు చుట్టగా చుట్టి గుమ్మంలో పెట్టి ఉంది. ఆయన దాన్నీ, మా తాతయ్యనూ చూసి పూర్తి ధర లెక్కపెట్టి ఇచ్చాడు. తాతయ్య ముసలమ్మకు ఒక చుట్టల కట్ట కొనిచ్చాడు. నాకు చెప్పులు వచ్చాయి, కాస్త పెద్దవి, ఎదిగే కాళ్లు కదా అని.

మా ఆయన ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపేవారు. తోటివాళ్లు కొంటున్నారని తనూ ఎప్పుడో ఒక పైపుల కంపెనీ షేర్లు కొని, ఆ కాగితాలను ట్రంకు పెట్టెలో పెళ్లిబట్టల కింద, కలరా ఉండలు వేసి దాచారు. రిటైరయ్యాక సబ్బవరంలో రెండు గదుల ఇల్లు మొదలుపెట్టి, గోడలు లేపి, స్లాబు వెయ్యకుండానే పోయారు. మొండిగోడల మధ్య పిచ్చిమొక్కలు మొలిచాయి. ఆయన షేర్లు అమ్మి ఆయన ఇంటికి కప్పు వేయించాలని నా పంతం. ధర కనుక్కుంటే, ఆ షేర్ల డబ్బు స్లాబుకు సరిగ్గా సరిపోయేలా ఉంది.

మా మరిది ఒక ఏజెంటును తీసుకొచ్చాడు. ఆ అబ్బాయి బల్ల మీద ఫారాల దొంతర పరిచి, ఇవన్నీ మీవల్ల తెమలవు అమ్మగారూ, పావు వంతు ఇస్తే అంతా నేనే చూసుకుంటాను అన్నాడు. "ఇచ్చీ వదినా, ఈ వయసులో నీకీ తిరుగుడేటి" అన్నాడు మరిది. ఆ దొంతర చూసి నాకూ నిజమేననిపించింది. పెన్ను కూడా చేతిలోకి తీసుకున్నాను. పావు వంతు అంటే స్లాబులో ఒక మూల అని అప్పుడు తట్టింది. ఏ మూల వదిలెయ్యాలి, ఆయన మంచం వేసుకుంటానన్న మూలా?

పెన్ను పక్కన పెట్టి, ఈ పని మీ దగ్గర ఎవరు చేస్తారు బాబూ అని అడిగాను. మా ఆఫీసులో ఒక అమ్మాయి ఉందండి, ఫారాలు నింపి రిజిస్టర్ పోస్టు చేసేస్తుంది అన్నాడు, పాపం, దాపరికం లేకుండా. టీ ఇచ్చి పంపించేశాను.

షేర్లను వారసుల పేరుకు మార్చే ఆఫీసు చిరునామా కంపెనీ వాళ్ల వెబ్‌సైటులో ఉందని పక్కింటి అమ్మాయి చూసి చెప్పింది. ఫారాలూ అక్కడే ఉచితంగా దొరికాయి, ప్రింటు తీసి పెట్టింది. రోజుకు ఒక్క కాగితమే ముట్టుకున్నాను. ఒకరోజు మరణ ధ్రువపత్రం, ఇంకోరోజు కుటుంబ సభ్యుల పత్రం, మరోరోజు బ్యాంకు మేనేజరు ఎదుట నా సంతకం. పిల్లలిద్దరూ తమకు అభ్యంతరం లేదని రాసిచ్చారు. స్టాంపు కాగితం, నోటరీ, జిరాక్సులు, అన్నీ కలిపినా ఆటోలకు అయినంత కాలేదు.

అంతా చేసి పంపితే, కట్ట మొత్తం తిరిగొచ్చింది. "నాను సెప్పలేదేటి వదినా" అన్నాడు మరిది. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. సిగ్గేసింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది, ఇవన్నీ నాకు ఒక్క ముక్కయినా చెప్పకుండా పోయినందుకు. కాసేపటికి పీట వాల్చుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచి, వాళ్లు రాసిన ఉత్తరం మళ్లీ చదివితే అందులో ఉన్నది ఒక్కటే పోగు. సాక్షి సంతకం ఒకటి తక్కువైంది. హాల్లో టీవీ చూస్తున్న మరిదిని పిలిచి, ఇక్కడ పెట్టు అన్నాను. పెట్టాడు.

రెండోసారి పంపితే తిరిగి రాలేదు. షేర్లు నా పేరుకు మార్చామని ఉత్తరం వచ్చింది. కాగితం షేర్లు ఇప్పుడు నేరుగా అమ్మడానికి లేదట. బ్యాంకులో డీమ్యాట్ ఖాతా తెరిచి ఆ ఉత్తరం ఇస్తే షేర్లు అందులోకి ఎక్కాయి. తర్వాత అమ్మడం ఫోనులో ఒక్క మీట నొక్కినంత పని.

మొన్న స్లాబు వేశాక మొదటి వాన పడింది. ఇంకా తలుపులు లేవు, సున్నం లేదు. మరిదితో మంచం మోయించి, ఆయన చెప్పిన మూలనే వేయించుకుని పడుకున్నాను. ఆ ముసలమ్మ పేరు ఆవేళ అడగలేదు, ఆ తర్వాత అడగడానికి ఆవిడ లేదు. కానీ ఏ కాగితం వచ్చినా, ఏ కష్టం వచ్చినా నేను ముందు కళ్లు మూసుకుంటాను. మా కోడలు నిద్రపోతున్నాననుకుని ఫ్యాను వేస్తుంది.

మొన్న కూడా అలాగే కళ్లు మూసుకుని వాన విన్నాను. నాలుగు మూలల్లో ఎక్కడా చుక్క కారలేదు.