ముత్తమ్మ బిడ్డ తూకం

1983లో నేను పర్ణశాల వైపు అడవి అంచునున్న ఒక చిన్న దవాఖానాలో నర్సుని. ఖమ్మంలో పుట్టి పెరిగినదాన్ని, మాట కాస్త దురుసు. దవాఖానా అంటే రెండు గదులు, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరుగారు, నేను. బీపీ చూసే యంత్రం, సిరంజీలు మరిగించే స్టెరిలైజరు అక్కడే ఉండేవి. గూడేలకు వెళ్లేటప్పుడు సంచిలో స్టెతస్కోపు, థర్మామీటరు, ఒక స్ప్రింగ్ బ్యాలెన్సు పెట్టుకునేదాన్ని. పైన రింగు, కింద కొక్కెం ఉన్న గొట్టమే స్ప్రింగ్ బ్యాలెన్సు. కొక్కేనికి గుడ్డ జోలె తగిలించి, అందులో బిడ్డను పడుకోబెట్టి రింగు పట్టుకుని ఎత్తితే, గీతల మీద ముల్లు కిందికి జారి బరువు చెబుతుంది.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక ఒక గూడెంలో ముత్తమ్మకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. వాళ్లింట్లో మాట్లాడుకునేది కోయభాష, నాతో మాత్రం తెలుగే. మూడో రోజు నేను వెళ్లేసరికి ముత్తమ్మ పెరట్లో స్నానం చేస్తోంది. అత్త లచ్చవ్వ బిడ్డను నా చేతికిచ్చింది. తూచాను. రెండు కిలోలు కూడా లేదు, రెండు గీతలు తక్కువ. అంతలో ముత్తమ్మ తడి జుట్టుతో లోపలికొచ్చి, కొక్కేనికి వేలాడుతున్న బిడ్డను చూసి కేక పెట్టింది.

"దింపు నర్సమ్మా! జల్దీ దింపు నా బిడ్డను!"

జోలెతో సహా లాక్కుని మూలకు పోయి కూర్చుంది.

డాక్టరుగారికి చెబితే ఆయన ఆలోచనలో పడ్డారు. "రెండు వారాలు నిండేలోగా మళ్లీ తూచండి. పెరిగితే తల్లి దగ్గరే ఉంచుదాం. పెరగకపోయినా, బరువు తెలియకపోయినా భద్రాచలం పెద్దాసుపత్రికి పంపాల్సిందే" అన్నారు. అక్కడ అలాంటి పిల్లల్ని వేరే గదిలో, వెచ్చగా ఉంచే పెట్టెలో పెడతారు. తల్లి అద్దంలోంచి చూడాల్సిందే.

తర్వాత రెండుసార్లు వెళ్లాను. మొదటిసారే డాక్టరుగారి మాట అత్తాకోడళ్లిద్దరికీ చెప్పాను. చంకలో థర్మామీటరు పెట్టనిచ్చింది. స్టెతస్కోపుతో గుండె చప్పుడు వింటుంటే, తనకూ వినిపించమంది. గొట్టాలు చెవుల్లో పెడితే విని, సిగ్గుపడుతూ నవ్వింది. కానీ సంచిలోంచి కొక్కెం బయటికి తీయగానే బిడ్డను కొంగులో దాచేసేది. రెండోసారి నాకు ఒళ్లు మండింది.

"నీ బిడ్డనేమన్నా కొరుక్కుతింటానా? నీ మొండితనానికి ఆ పసిది బలి కావాలా?" అని అరిచేశాను. బాలింతరాలి మీద అలా అరిచినందుకు ఇవాళ్టికీ సిగ్గుగానే ఉంటుంది.

ముత్తమ్మ బిడ్డ తల నిమురుతూ కూర్చుంది. లచ్చవ్వే నన్ను బయటికి తీసుకెళ్లింది.

"గట్ల కోపం చెయ్యకు నర్సమ్మా. సంతల సేటు కొక్కెం నువ్ సూడలే? ఇప్పపువ్వు, చింతపండు ఏది తీస్కపోయినా ఆయనే జోకుతడు. తక్కువున్నదని ఆయనే అంటడు, తీస్కునేదీ ఆయనే. కొక్కేనికి ఎక్కినంక ఇగ అది మనది గాదు. మరి ఈ బిడ్డను గూడ తక్కువున్నదని పట్నం తీస్కపోతరంటివి గద!"

ఆమె తప్పేముంది? నా చేతిలో ఉన్నది అచ్చం ఆ కొక్కెమే. తూచి తీసుకుపోతామని చెప్పిందీ నేనే.

గడువుకు ఇంకొక్క రోజే ఉంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి ముత్తమ్మ ముందు నేలమీద కూర్చున్నాను. స్ప్రింగ్ బ్యాలెన్సు తీసి రింగు ఆమె వైపు చాపాను.

"నువ్వే పట్టుకో ముత్తమ్మా. నేను ముట్టుకోను."

"నేనే జోకాల్నా?"

"అవ్. నువ్వే జోకు. నేను గీతలు చూసి చెబుతా, అంతే."

నా మొహంలోకి చూసింది. తనే బిడ్డను జోలెలో పడుకోబెట్టి, కుడిచేత్తో రింగు పట్టుకుని లేచి నిలబడింది. ఎడమచెయ్యి జోలె కింద, తగిలీ తగలకుండా ఉంచింది. చెయ్యి వణుకుతుంటే ముల్లూ వణికింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఎదురుచూశాను. బిడ్డ ఒకసారి ఆవులించింది. ముల్లు నిలిచింది.

"రెండు కిలోలు!" అన్నాను. "రెండు గీతలు పెరిగింది ముత్తమ్మా!"

ఆమె తనూ వంగి గీతలు చూసింది. ఎటు జారితే పెరిగినట్టో అడిగింది. చెప్పాను. బిడ్డను జోలెలోంచి తీసి గుండెకు హత్తుకుంది.

"నేనే జోకిన, నేనే తీస్కున్న" అంది, కళ్లలో నీళ్లతో నవ్వుతూ. నేనూ ఏడ్చేశాను.

డాక్టరుగారు రిజిస్టరులో అంకె చూసి, "మీకు తూచనిచ్చిందన్నమాట" అన్నారు. "లేదు సార్, తనే తూచుకుంది" అన్నాను. బిడ్డను భద్రాచలం పంపలేదు.

ఏ బిడ్డ మీదైనా మొదటి హక్కు తల్లిదేనని చదువులో నాకెవరూ చెప్పలేదు, ముత్తమ్మ చెప్పింది. ఆ తర్వాత ఎన్ని గూడేలకు వెళ్లినా రింగు తల్లి చేతికే ఇచ్చాను. కొందరి చేతులు బాగా వణికేవి, ముల్లు కుదురుగా నిలవడానికి ఆలస్యమయ్యేది. ఆగేదాన్ని.